నర్సింగ్ స్టూడెంట్లకు వైవిధ్యం, సమన్యాయం నేర్పేది క్లాసులోనా, వార్డులోనా?

స్వర్ణముఖి (నర్సింగ్ ట్యూటర్, తిరుపతి)

అందరికీ నమస్కారం. ఒక విషయంలో మీ అనుభవం కావాలి.

మా కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం వాళ్ళకు వైవిధ్యం, సమన్యాయం, ఎవర్నీ దూరం పెట్టకుండా సేవ చేయడం గురించి చెప్పే బాధ్యత ఈసారి నాకిచ్చారు. బయటి దేశాల్లో డీఈఐ అంటున్నారు కదా, అదే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సెమిస్టర్ సిలబస్‌లో ఆ పేరుతో సబ్జెక్టు లేదు. మొదటి సెమిస్టర్‌లో అప్లైడ్ సోషియాలజీ ఉంది, తర్వాత వృత్తి విలువలు, నైతికత వస్తాయి. కులం, మతం, పేదరికం అన్నీ సోషియాలజీలో చదువుతారు. కుల వ్యవస్థ లక్షణాలు రాయమంటే పిల్లలు హెడ్డింగులు పెట్టి, అండర్‌లైన్ కొట్టి చక్కగా రాస్తారు. వార్డులోకి మాత్రం అందులో ఒక్క ముక్క రావడం లేదు.

మొన్న ఫిమేల్ మెడికల్ వార్డులో చూసింది చెప్తాను. పక్కపక్క మంచాల మీద ఇద్దరు పెద్దవాళ్ళు. ఒకామె కొడుకు మంచి ఉద్యోగి, పక్కనే కుర్చీలో ఉన్నాడు. రెండో ఆమె ఏర్పేడు వైపు చెరువు కట్ట కింది యానాది గిరిజన కాలనీ నుంచి వచ్చింది, పక్కన ఎవరూ లేరు. ఇద్దరికీ బీపీ చూసింది ఒకే స్టూడెంట్. మొదటామెకు "అమ్మా, బీపీ చూస్తానండి, చెయ్యి కొంచెం చాపండి" అని చెప్పింది, ఎంత వచ్చిందో కూడా చెప్పింది. రెండో ఆమె దగ్గర మాటా పలుకూ లేదు. చెయ్యి లాగి కఫ్ చుట్టింది, చార్టులో రాసుకుంది, వెళ్ళిపోయింది. ఆ అవ్వ బీపీ ఎంతుందో అడగడానికి నోరు తెరిచి, మళ్ళీ ఊరుకుంది.

ఆ అమ్మాయి చెడ్డది కాదు. పైవాళ్ళు ఎవరితో ఎలా ఉంటారో చూసి నేర్చుకుంది. మా చెక్‌లిస్టులో 'ప్రొసీజర్ రోగికి వివరించాలి' అనే లైను ఉంది. పరీక్ష రోజు ఎగ్జామినర్ ముందు అందరూ వివరిస్తారు, అందరికీ మార్కులు పడతాయి.

దీన్ని ఎలా నేర్పాలి? ఏ పోస్టింగ్‌లో? మార్కులు ఎలా వేయాలి? చేసి చూసినవాళ్ళు దయచేసి రాయండి.

చంద్రగిరి సీనియర్ (రిటైర్డ్ హెడ్ నర్సు)

స్వర్ణముఖి మేడమ్, మీ బాధ అర్థమైంది. అయినా నా మనసులో మాట చెప్తాను. మా కాలంలో ఈ పేర్లేవీ లేవు. యూనిఫాం వేసుకున్నాక రోగి రోగే, కులం అడగొద్దు, మతం అడగొద్దు, అందరినీ ఒక్కలాగే చూడాలి అని మా సిస్టర్లు నేర్పించారు. నా సర్వీసంతా అదే పాటించాను. ఇప్పుడు మనమే పిల్లలకు ఈమె యానాది, ఈయన ముస్లిం, ఇతను ఫలానా అని వేరుచేసి చూపిస్తే, లేని తేడాలు తలలో పెట్టినట్టు కాదా? మీరు చెప్పినదాంట్లో లోపం మర్యాదది. మర్యాద నేర్పండి, చాలు. విదేశీ సబ్జెక్టు ఎందుకు?

పలమనేరు ఘాట్

సీనియర్ అమ్మా, గౌరవంతోనే వేరే మాట చెప్తాను. నేను నర్సును కాదు. చిత్తూరులో చిన్న వ్యాపారం. మా జిల్లాలో పెద్ద జబ్బొస్తే చాలామందిమి తమిళనాడు వైపే పోతాం, బస్సెక్కితే కాసేపటి ప్రయాణం కాబట్టి. మా నాయనకు గుండె జబ్బొచ్చినప్పుడు అలాగే ఒక ఆసుపత్రికి పోయాం. అక్కడ ఎవరూ మమ్మల్ని తక్కువగా చూడలేదు. అందరినీ ఒక్కలాగే చూశారు. అందరికీ తమిళంలోనే చెప్పారు, డిశ్చార్జి కాగితం అందరికీ ఇంగ్లీషులోనే ఇచ్చారు. మా నాయనకు రెండూ రావు. రక్తం పలచబడే మాత్ర రోజుకొకటి వేసుకోమంటే పూటకొకటి అనుకున్నాడు. చిగుళ్ళ నుంచి రక్తం వచ్చాక గానీ మాకు తెలియలేదు.

రెండోసారి పోయినప్పుడు ఒక నర్సమ్మ, ఆమెకూ తెలుగు అంతంతే, కాగితం మీద సూర్యుడిని, చంద్రుడిని గీసి, చంద్రుడి పక్కన ఒక మాత్ర బొమ్మ వేసి ఇచ్చింది. మా నాయన ఆ కాగితాన్నే పర్సులో పెట్టుకుని తిరిగాడు. ఆమె మాకు ఎక్కువ చేసిందని ఎవరైనా అంటారా? ఆయన చేతికి అందేలా చేసింది.

మన వైపు కూడా అంతే కదమ్మా. నగరి, సత్యవేడు నుంచి తమిళం మాట్లాడేవాళ్ళు వస్తారు. కుప్పం నుంచి కన్నడం, తమిళం. మదనపల్లె, పుంగనూరు, చిత్తూరు టౌన్లో ఉర్దూ ఇళ్ళు ఎన్నో. తిరుమల కొండకొచ్చి జబ్బుపడే యాత్రికుల్లో హిందీ, మరాఠీ, ఒడియా వాళ్ళు. అందరికీ ఒకే తెలుగులో గబగబా చెప్పేస్తే అది సమానంగా చూసినట్టేనా?

మదనపల్లె లెక్చరర్ (ఎమ్మెస్సీ నర్సింగ్)

మంచి చర్చ. సీనియర్ గారి అనుమానం చాలామందికి ఉంటుంది, దానికి జవాబు నర్సింగ్ చరిత్రలోనే ఉంది.

మాడలీన్ లైనింగర్ అమెరికన్ నర్సు. 1950ల్లో పిల్లల మానసిక వైద్య కేంద్రంలో పనిచేస్తూ, వేర్వేరు ఇళ్ళ నుంచి, ఆచారాల నుంచి వచ్చిన పిల్లలకు ఒకే రకం సేవ పనిచేయడం లేదని గమనించింది. దాని కోసం మానవశాస్త్రం చదివి, పాపువా న్యూ గినీలో గాడ్సప్ ప్రజల మధ్య ఉండి పరిశోధన చేసింది. ఆమె సిద్ధాంతాన్ని మనవాళ్ళు థియరీ పేపర్లో బట్టీ పడతారు. రోగి ఆచారం ఎదురైనప్పుడు నర్సుకు మూడు దారులు ఉంటాయంటుంది: ఉన్నదాన్ని కాపాడడం, సర్దుబాటు చేయడం, మార్చుకునేలా సాయపడడం. నేను ఈ మూడింటినీ మన ఊరి ఉదాహరణలతో చెప్తాను.

పిల్లాడికి అమ్మవారు పోసింది, తల్లి మంచం మీద వేపాకు పెట్టింది. దాంతో వచ్చిన నష్టం లేదు, తీసి పారేయాల్సిన పని లేదు. గోళ్ళు కత్తిరించడం, నీళ్ళు బాగా తాగించడం, మిగతా పిల్లలకు దూరంగా ఉంచడం ఆమెతో కలిసి చూసుకుంటే సరి. ఇది కాపాడడం.

ఆపరేషన్‌కు ముందు తాళి తీయమంటాం. కాటరీ (కరెంటు వేడితో కోసి, రక్తం ఆపే పరికరం) వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే కాలే ప్రమాదం ఉంది. "తీసెయ్ తీసెయ్" అని తొందరపెడితే ఆమెకు బీపీ పెరుగుతుంది. కారణం చెప్పి, పసుపు కొమ్ము కట్టిన దారం వేయించి, పుస్తెలు ఇంటివాళ్ళ చేతికే ఇప్పించి, చార్టులో రాస్తే ఆమె ప్రశాంతంగా థియేటర్లోకి పోతుంది. దారం కూడా ఆపరేషన్ చేసే చోటుకు అడ్డమొస్తే ముందే చెప్పాలి. ఇది సర్దుబాటు.

ముర్రుపాలు పిండి పారబోసి, బిడ్డకు చక్కెర నీళ్ళు పట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. దాన్ని మార్చాల్సిందే. అయితే బాలింతను కోప్పడి లాభం లేదు. ఆ ఇంట్లో నిర్ణయం చేసేది అత్తగారో, అవ్వో. ఆమెను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడిన స్టూడెంటుకే పని జరుగుతుంది.

ఇంకొక్క మాట. లైనింగర్ దగ్గరే ఆగిపోతే ఒక ప్రమాదం ఉంది. పిల్లలు 'యానాదులు ఇలా ఉంటారు, ముస్లింలు అలా ఉంటారు' అని నోట్సు రాసుకుని, మనిషిని చూడకముందే ఆ నోట్సు అతికించేస్తారు. సీనియర్ గారి భయం ఇక్కడ నూటికి నూరుపాళ్ళు నిజం. న్యూజిలాండ్‌లో ఇరిహపెటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు దీన్నే తిప్పి చెప్పింది. రోగి ఆచారాల జాబితా చదవడం కంటే, నర్సు తన చేతిలో ఉన్న అధికారాన్ని, తన ఇంట్లో నేర్చుకున్న చిన్నచూపును ముందు చూసుకోవాలంది. సేవ భద్రంగా అనిపించిందా లేదా అని తేల్చేది రోగే తప్ప నర్సు కాదంది. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దాన్ని నర్సింగ్ చదువులో తప్పనిసరి చేసింది. నా దృష్టిలో మన జిల్లాకు లైనింగర్ కంటే రామ్స్‌డెన్ ఎక్కువ అవసరం, ఎందుకంటే మన దగ్గర సమస్య ఆచారం తెలియకపోవడం కాదు. పక్క వీధి వాళ్ళ ఆచారం మనకు బాగా తెలుసు. తెలిసే తక్కువగా చూస్తాం.

పీలేరు స్టూడెంట్ (బీఎస్సీ నర్సింగ్, మూడో సంవత్సరం)

మేడమ్, నాది చిన్న అనుమానం. మా పుస్తకాల్లో సైనోసిస్ (ఆక్సిజన్ తగ్గి ఒళ్ళు నీలం తిరగడం), కామెర్లు, బెడ్‌సోర్ (మంచాన పడ్డవాళ్ళకు పడే పుండు) ఫోటోలన్నీ తెల్లవాళ్ళవే. ల్యాబ్‌లో మానికిన్ (మనిషి బొమ్మ) కూడా తెల్లదే. వార్డులో చూస్తే ఒక్కటీ పుస్తకంలో ఉన్నట్టు కనపడదు. ఇది కూడా ఈ టాపిక్ కిందికి వస్తుందా?

ఐసీయూ బ్రదర్ (స్టాఫ్ నర్సు, తిరుపతి)

వస్తుందమ్మా, ముందు వరసలో వస్తుంది. చాలామంది డీఈఐ అంటే మంచి మాటలు అనుకుంటారు, ఇది ప్రాణాల విషయం.

బెడ్‌సోర్ మొదటి దశ అంటే పుస్తకంలో 'వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపు' అని ఉంటుంది. ఎండలో పనిచేసి నల్లబడిన ఒంటి మీద ఆ ఎరుపు ఎక్కడ కనిపిస్తుంది? నడుము కింద ఎముక దగ్గర చర్మం చుట్టుపక్కల కంటే ముదురుగానో, ఊదాగానో ఉండొచ్చు, రంగులో ఏ తేడా తెలియకపోవచ్చు కూడా. అందుకే చెయ్యి వెనక వైపు ఆనించి చూడాలి. ఆ చోట వెచ్చగా ఉందా, లేక చల్లగానా? గట్టిగా ఉందా, మెత్తబడిందా? నొప్పి ఉందా అని రోగిని అడగాలి. వెలుతురు బాగుండాలి, రాత్రి డ్యూటీలో టార్చి తప్పనిసరి. ఎరుపు కోసం ఎదురు చూస్తే, తెలిసేసరికి తోలు ఊడిపోయి ఉంటుంది.

రక్తహీనత కింది రెప్ప లోపల, నాలుక మీద, అరచేతుల్లో చూడు. సైనోసిస్‌కు నాలుక, పెదవి లోపలి వైపు. కామెర్లకు కంట్లో తెల్లగుడ్డు చూస్తాం కదా, నలుపు రంగు వాళ్ళలో కొందరికి తెల్లగుడ్డు అంచుల్లో మామూలుగానే కొంచెం పసుపు ఉంటుంది, దాన్ని చూసి మోసపోకూడదు. అంగిలి కూడా చూడాలి.

పల్స్ ఆక్సీమీటర్ సంగతి ఇంకా ముఖ్యం. 2020లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. రక్తంలో ఆక్సిజన్ నిజంగా తగ్గినా మీటర్ బాగానే చూపించడం తెల్ల రోగుల కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగిందని తేలింది. మరుసటి ఏడాది అక్కడి ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) కూడా హెచ్చరిక ఇచ్చింది. కాబట్టి రోగి ఎగశ్వాస పోస్తా ఉంటే, మీటర్ 93 చూపిస్తోంది కదా అని నిమ్మళంగా ఉండొద్దు. శ్వాస లెక్కపెట్టు, డాక్టరుకు చెప్పు, ఏబీజీ (ధమని రక్తంలో ఆక్సిజన్ చూసే పరీక్ష) అవసరమేమో అడుగు.

స్వర్ణముఖి మేడమ్, సోషియాలజీ క్లాసు కంటే ముందు నర్సింగ్ ఫౌండేషన్ ల్యాబ్‌లో ఇది మొదలుపెట్టండి. మన వార్డు రోగుల ఫోటోలే, ముఖం రాకుండా, రాతపూర్వక అనుమతి తీసుకుని, ఒక ఆల్బం చేసుకోవచ్చు.

స్వర్ణముఖి

బ్రదర్, ఆల్బం మాట బాగుంది. ఎథిక్స్ కమిటీని అడిగే చేస్తాం.

పేరు వద్దు

నేను కూడా స్టూడెంటునే. కాలేజీ పేరు చెప్పను. మీరంతా రోగుల గురించి రాస్తున్నారు, మా గురించి కూడా ఒక మాట.

మా క్లాసులో ఫీజు రీయింబర్స్‌మెంట్ లిస్టు చదివేటప్పుడు పేరు, పక్కన క్యాటగిరీ కూడా గట్టిగా చదువుతారు. వంద మంది ముందు. "ఫలానా, ఎస్సీ, బయోమెట్రిక్ పెండింగ్" అని. ఆ రోజు నుంచి భోజనాల దగ్గర నా పక్కన కూర్చునే ఇద్దరు వేరే బల్లకు మారారు. హాస్టల్లో గదులు ఇచ్చేటప్పుడు మా వాళ్ళందరినీ ఒకే వరసలో వేశారు, అడిగితే ఊళ్ళ ప్రకారం వేశామన్నారు. మాది ఒక ఊరు కాదు.

అదే మేడమ్ సోషియాలజీలో అంటరానితనం నేరమని, రాజ్యాంగంలో 17వ అధికరణం అని చెప్తారు. నేను ఆ పాఠం వింటూ ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. స్టూడెంట్లకు జరగనిది, స్టూడెంట్లు రోగులకు ఎక్కడి నుంచి తెచ్చి చేస్తారు?

వేదిక నిర్వాహకులు

పేరు వద్దు గారూ, రాసినందుకు ధన్యవాదాలు. అందరికీ మనవి: ఇది ఏ కాలేజీ అని ఎవరూ ఊహించి రాయొద్దు. ఆమె భద్రత ముఖ్యం.

చంద్రగిరి సీనియర్

తల్లీ, నీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. లిస్టు అలా చదవడం అన్యాయం. నోటీసు బోర్డు మీద కూడా క్యాటగిరీ పెట్టకూడదు. దరఖాస్తు నంబరుతో పని అయిపోతుంది, లేదా ఆఫీసులో ఒక్కొక్కరినీ పిలిచి చెప్పొచ్చు. కాలేజీలో ఎస్సీ ఎస్టీ సెల్ ఉంటుంది, యూనివర్సిటీలో కూడా ఉంటుంది, అక్కడ రాతపూర్వకంగా ఇవ్వు. నీకు తోడు కావాలంటే నిర్వాహకుల ద్వారా నన్ను కలువు, నేను వస్తాను.

పలమనేరు వారు చెప్పిన సూర్యుడు, చంద్రుడు కూడా నా మనసులో ఉన్నాయి. అందరినీ ఒక్కలా చూడమన్న మా సిస్టర్ల మాట తప్పని ఇప్పటికీ అనను. ఆ మాట నిలవాలంటే ఒక్కొక్కరి దగ్గర ఒక్కో విధంగా శ్రమపడాలని ఒప్పుకుంటాను.

పాకాల తమ్ముడు (బీఎస్సీ నర్సింగ్, నాలుగో సంవత్సరం)

మగపిల్లల గురించి కూడా ఎవరైనా మాట్లాడండి. సిలబస్ మాకూ అదే, మిడ్‌వైఫరీ మాకూ ఉంది, పరీక్షా ఉంది. లేబర్ రూంకు పోతే ఇన్‌ఛార్జి సిస్టర్ బయటే నిలబెడతారు. లాగ్‌బుక్‌లో మాత్రం కాన్పులు చూసినట్టు రాయమంటారు. నాకు అబద్ధం రాయడం ఇష్టం లేదు. రేపు 108లో పనిచేసేటప్పుడు దారిలో కాన్పు వస్తే ఏం చేయాలి?

మదనపల్లె లెక్చరర్

తమ్ముడూ, నీ బాధ న్యాయమైనదే. కానీ ఆ గదిలో మొదటి హక్కు కాన్పయ్యే ఆమెది. రెండూ కలిసే దారి ఒకటుంది. నొప్పులు తీవ్రం కాకముందే ఆమెను అడగాలి. అడిగేది నువ్వు కాదు, సిస్టర్. "మగ స్టూడెంటు ఉండొచ్చా, వద్దంటే మీ వైద్యానికి ఏ లోటూ రాదు" అని స్పష్టంగా చెప్పాలి. వద్దంటే అంతే, బతిమాలకూడదు. సరేనంటే పక్కన మహిళా సిబ్బంది తప్పనిసరిగా ఉండాలి, తెర వేయాలి, అవసరమైనంత మేరే బట్ట తొలగించాలి. సరిగ్గా అడిగితే ఒప్పుకునే వాళ్ళుంటారు. మిగతాది సిమ్యులేటర్ మీద నేర్పించాలి. లాగ్‌బుక్‌లో సిమ్యులేషన్ అయితే సిమ్యులేషన్ అనే రాయాలి. ఇది నువ్వు ఒక్కడివే అడిగితే కాదు, మీ బ్యాచ్ మగపిల్లలంతా కలిసి ప్రిన్సిపాల్‌కు రాసివ్వండి.

ఇదే అనుమతి పద్ధతి ఆడపిల్లలకు కూడా వర్తిస్తుంది. యూరాలజీ వార్డులో మగ రోగికి క్యాథెటర్ వేసేటప్పుడు ఆయన సిగ్గును ఎవరూ పట్టించుకోరు.

లండన్‌లో చిత్తూరమ్మాయి (స్టాఫ్ నర్సు)

ఇక్కడ ఇంటర్వ్యూలోనే ఈ ప్రశ్నలు అడుగుతారు. 2010 నాటి ఈక్వాలిటీ చట్టంలో తొమ్మిది లక్షణాలు ఉన్నాయి: వయసు, వైకల్యం, మతం, జాతి లాంటివి. వాటి ఆధారంగా వివక్ష చేస్తే చట్టవిరుద్ధం. నేను పోయిన కొత్తలో నాకు ఆ తొమ్మిదీ నోటికొచ్చు, కానీ 'పేషెంటు మీ చేతి మందు తీసుకోనన్నారు, ఏం చేస్తారు' అంటే జవాబు తట్టలేదు. అమెరికా వెళ్ళాలనుకునే వాళ్ళకు ఎన్‌క్లెక్స్‌లో (అక్కడ నర్సు లైసెన్సు పరీక్ష) కూడా సంస్కృతి, ఆరోగ్యం మీద ప్రశ్నలు ఉంటాయి. అయితే పరదేశం పోయేవాళ్ళ కోసమే ఇది నేర్పిస్తే నాకు బాధేస్తుంది. ముందు చిత్తూరు గవర్నమెంటు ఆసుపత్రికొచ్చే అవ్వ కోసం నేర్పండి.

హిజాబ్ విషయం ఒకటి. మన దగ్గర చాలా కాలేజీల్లో యూనిఫాం పేరుతో అమ్మాయిలను ఇబ్బంది పెడతారు. ఇన్ఫెక్షన్ కంట్రోల్‌కు మోచేతుల కింద బట్ట ఉండకూడదన్నది నిజమే. దానికి ఇక్కడ చేతులు కప్పుకోవాలనుకునే వాళ్ళకు వాడి పారేసే తొడుగులు ఇస్తారు, ఒక్కో రోగి దగ్గర మార్చుకోవాలి. తల మీది గుడ్డ రోజూ ఉతికినదై, మెడ దగ్గర బిగువుగా ఉంటే చాలు. నియమం, నమ్మకం రెండూ నిలిచాయి కదా.

పల్లె క్లినిక్ (విలేజ్ హెల్త్ క్లినిక్, శ్రీకాళహస్తి వైపు)

నేను కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. స్వర్ణముఖి అక్కా, పిల్లలను పోస్టింగ్‌కు మా వైపు పంపించండి, నాలుగు గోడల మధ్య చెప్పలేనిది ఇక్కడ కనిపిస్తుంది.

పెద్దాసుపత్రిలో డిశ్చార్జి అయి వచ్చిన వాళ్ళ కాగితాలు రోజూ చూస్తుంటాను. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టమని రాసుంటుంది, ఇంట్లో కరెంటే సరిగా ఉండదు. మేము కుండలో తడి ఇసుక పోసి, సీసాను చిన్న డబ్బాలో పెట్టి దాంట్లో ఉంచమని చూపిస్తాం. షుగర్ డైట్ కాగితంలో ఓట్స్, బ్రౌన్ బ్రెడ్ ఉంటాయి. మా వాళ్ళు తినేది సంగటి. సంగటి మానేయమంటే మానరు, మానాల్సిన పని కూడా లేదు. ముద్ద ఎంత సైజు, దాంతో పప్పు, ఆకుకూర ఎంత అన్నది చేత్తో చూపించాలి. అది చూపించగలిగిన స్టూడెంటే పాసైనట్టు నా లెక్కలో.

సోమవారం పొద్దున్నే రివ్యూకు రమ్మంటారు. కూలికి పోయే మనిషికి ఒక రోజు కూలి, బస్సు ఖర్చు, తోడొచ్చే వాళ్ళ కూలి, అన్నీ పోతాయి. రాకపోతే చార్టులో 'రోగి సహకరించలేదు' అని రాస్తారు. యానాది కుటుంబాల్లో కొందరికి ఇప్పటికీ ఆధార్‌లో తప్పులు, రేషన్ కార్డు లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందో లేదో తెలియక వెనక్కి పోతారు. ఆసుపత్రిలో ఆ పథకం హెల్ప్‌డెస్క్ దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకుపోవడం కూడా నర్సింగే. మంచం మీద ఎక్కడానికి జంకి కింద కూర్చునే అవ్వను "పైకెక్కు" అని అరవడం కంటే, మనం ఒక నిమిషం వంగి కూర్చుని మాట్లాడితే తానే లేస్తుంది.

ఇంకో రెండు విషయాలు ఎవరూ ఎత్తలేదు. హెచ్ఐవీ ఉన్నవాళ్ళ కేస్‌షీట్ మీద ఎర్ర స్టిక్కరు, మంచం దగ్గర బోర్డు పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఇంకా ఉంది. 2017 నాటి హెచ్ఐవీ ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. వివక్ష చట్టవిరుద్ధం, అనుమతి లేకుండా బయటపెట్టడం కూడా చట్టవిరుద్ధం. అసలు గ్లోవ్స్, సూదుల జాగ్రత్త అందరి దగ్గరా ఒకటే అయినప్పుడు స్టిక్కరుతో పనేముంది? రెండోది, ట్రాన్స్‌జెండర్ రోగి వస్తే ఏ వార్డులో వేయాలని క్యాజువాలిటీలో అందరి ముందు వాదించుకుంటారు. 2014లో సుప్రీంకోర్టు తీర్పు, 2019లో చట్టం వచ్చాక కూడా. ముందు పక్కకు తీసుకుపోయి, ఏ పేరుతో పిలవాలో, ఎక్కడ ఉంటే ఇబ్బంది లేదో ఆమెనే అడిగితే చాలు.

ఐసీయూ బ్రదర్

పల్లె క్లినిక్ వారి 'సహకరించలేదు' మాట అక్షరాలా నిజం. హ్యాండోవర్‌లో అదే మాట షిఫ్టు నుంచి షిఫ్టుకు పోతుంది, ఎందుకు రాలేదో ఒక్కరూ అడగరు. తిరుపతిలోనే బర్డ్ ఆసుపత్రి ఉంది, వికలాంగులకు ఆపరేషన్లు, కృత్రిమ అవయవాలు అక్కడే. టీటీడీ పూర్ హోంలో కుష్ఠు రోగులకు వైద్యం ఉంది. మందులు మొదలుపెడితే ఆ జబ్బు కొద్దిరోజుల్లోనే అంటుకోకుండా పోతుంది. ఆ రోగి పుండు కడిగి కట్టు కట్టిన స్టూడెంటు తర్వాత ఎవర్నీ ముట్టుకోవడానికి జంకదు. అనుమతి దొరికితే ఆ రెండు చోట్లా పోస్టింగ్ వేయించండి.

స్వర్ణముఖి

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ఇవన్నీ పెట్టుకుని ఒక రూపం తెచ్చాను, చూడండి.

విడిగా క్లాసు పెట్టడం మానుకున్నాను. ఫౌండేషన్ ల్యాబ్‌లో ముదురు రంగు చర్మం పరీక్షతో మొదలవుతుంది. కేర్ ప్లాన్ ఫార్మాట్‌లో కొత్తగా ఒక భాగం చేరుస్తున్నాం: రోగి ఇంట్లో ఏ భాష, ఏం తింటారు, ఎవరు నిర్ణయం తీసుకుంటారు, రివ్యూకు రావాలంటే ఏం అడ్డం. కులం గడి ఉండదు. పిల్లలు హెల్త్ టాక్‌కు చేసే చార్టులు, ఫ్లాష్ కార్డులు చదువు రాని వాళ్ళకు అర్థమయ్యే బొమ్మలతోనే ఉండాలి, ఒక్క ఇంగ్లీషు మాట ఉన్నా వెనక్కి.

మార్కుల సంగతి. ఓఎస్‌సీఈలో (స్టేషన్లుగా పెట్టే ప్రాక్టికల్ పరీక్ష) ఒకే ప్రొసీజర్ రెండు స్టేషన్లలో పెడుతున్నాం. ఒక చోట చక్కటి చీరలో, బాగా మాట్లాడే రోగి పాత్ర. ఇంకో చోట మాసిన బట్టలతో, ప్రశ్నకు సరిగా జవాబు చెప్పని రోగి పాత్ర. రెండు చోట్లా ఎలా నడుచుకున్నారో పోల్చి మార్కు. దాంతోపాటు పోస్టింగ్‌లో నిజమైన రోగులను అడుగుతాం, "మీకు ఏం చేశారో చెప్పారా" అని. రామ్స్‌డెన్ చెప్పింది అదే కాబట్టి ఆ మార్కు రోగి చేతిలోనే ఉంటుంది.

పేరు వద్దు గారూ, మా కాలేజీలో లిస్టులు చదవడం ఆపించాను. ఇకమీదట దరఖాస్తు నంబర్లే.

చంద్రగిరి సీనియర్

మేడమ్, ఒక్క చేర్పు. "చెప్పారా" అని అడిగితే మన వాళ్ళు మొహమాటానికి "చెప్పారమ్మా" అంటారు. "ఏం చెప్పారో నాకు చెప్పవ్వా" అని అడగండి. తిరిగి చెప్పగలిగితేనే మార్కు. ఇంకా, 'మీరు' అనలేదని మార్కులు కోయకండి. మన పల్లెల్లో "అవ్వా, అన్నం తిన్యావా" అని అడిగే పిల్లకు ఎంతో ప్రేమ ఉంటుంది. గొంతు ఎలా ఉందో చూసి వేయండి.

పలమనేరు ఘాట్

వార్డులో రోజూ అడిగే ప్రశ్నలు (నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, అలర్జీ ఉందా, చివరగా ఎప్పుడు తిన్నారు) తమిళం, ఉర్దూ మాటలు తెలుగు లిపిలో రాసి నేను ఇస్తాను. మా షాపులో ఆ రెండూ వచ్చిన వాళ్ళున్నారు. కుప్పం వైపు ఎవరైనా ఉంటే కన్నడం చూసిపెట్టండి, ప్రింటు ఖర్చు నాది. స్వర్ణముఖి మేడమ్, ఎన్ని కాపీలు కావాలో చెప్పండి.